ఎర్ర అంకెల డబ్బా

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెట్టానంటే విషయం ఒకటికి మూడింతలవుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకు కొత్త కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజుల్లో, ఇనుము చెక్కే మిల్లింగ్ మెషిన్ మీద పనిచేసేవాడు ఇనుప చక్రం మీది సన్నటి గీతలు లెక్కపెట్టుకుంటూ బల్లను జరిపే రోజుల్లో, బల్ల ఎంత దూరం జరిగిందో ఎర్రటి అంకెల్లో చూపించే డిజిటల్ రీడౌట్‌ను దేశంలోనే మొట్టమొదట తయారుచేసినవాణ్ణి నేను. (దేశంలో కాదు. సికింద్రాబాద్‌లో కూడా కాదేమో. మా షెడ్డున్న గల్లీలో మొదటిది, అంతవరకు ఖాయం. ఆ గల్లీలో మిగతావి రెండు కట్టెల అడితీలు, ఒక పిండి గిర్నీ.)

ఆ షెడ్డులో పంపులకు బిగించే ఇనుప పలకలు చేసేవారు. ఒక్కో పలకకు ఒకే వరసలో ఆరు రంధ్రాలు. వాటి మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా పలక చెత్తకుప్పలోకే. ఆ రంధ్రాలు వేసేది మా మావయ్య, అమ్మకు స్వయానా అన్న. గుంటూరు వైపు నుంచి వచ్చి యాప్రాల్‌లో స్థిరపడి, ఇరవయ్యేళ్ళుగా ఆ ఒక్క మెషిన్ ముందే నిలబడ్డ మనిషి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని ఊరంతా తిరుగుతున్న నన్ను షెడ్డులో మోటార్లు, వైరింగు చూసే పనిలో పెట్టించింది ఆయనే. నా ప్రతిభ చూసి యజమాని పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చాడని మా ఆవిడకు చాలాకాలం చెప్పాను.

ఒక ఆదివారం చర్చిలో అందరం నిలబడి పాడుతుంటే, మావయ్య చేతిలో కీర్తనల పుస్తకం తలకిందులుగా ఉండటం చూశాను. నోరు మాత్రం ఒక్క చరణం తప్పకుండా పాడుతోంది. బయటికి వచ్చాక అడిగితే, అత్తయ్య వినబడనంత దూరం వెళ్ళేదాకా ఆగి అన్నాడు: “కళ్ళల్లో పొరలొచ్చాయిరా. చక్రం మీద గీతలు కనబడి మూడు నెలలైంది.”

“మరి ఎట్లా చేస్తున్నావు మావయ్యా?”

“చుట్లు లెక్కపెడతా. మిగతాది చెయ్యి చూసుకుంటుంది. అప్పుడప్పుడూ చూసుకోదు.”

అలా చూసుకోని పలకలు అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చాయి. ఇంకోసారి వస్తే మాఫీ లేదని యజమాని చెప్పేశాడు. ఆపరేషన్ చేయించుకోమన్నాను. “నెలంతా ఇంట్లో కూచోవాలిరా. నెల తర్వాత పోతే నా మెషిన్ దగ్గర ఇంకొకడుంటాడు. ఈ ఆర్డరు పోనీ, అడుగుతా,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు కాకుండా నా పక్కనున్న కరెంటు స్తంభం వైపు చూస్తున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను.

మావయ్య ఉద్యోగం నిలబెట్టడానికే ఆ డబ్బా తయారుచేశానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, బూజు దులిపే డిప్లొమావాణ్ణి కాదని యజమానికి చూపించాలని నాకు చచ్చేంత కోరిక. రాణీగంజ్‌లో పాత సామాను దుకాణంలో ఒక ఎన్‌కోడర్ దొరికింది. గుప్పెడంత డబ్బీ, లోపల చుట్టూ సన్నటి చీలికలున్న బిళ్ళ, దానికి ఒక పక్క దీపం, రెండో పక్క వెలుతురు పడితే మేలుకునే రెండు కళ్ళు. బిళ్ళ తిరిగితే వెలుతురు మిణుకుమంటుంది, ఆ మిణుకులు లెక్కపెడితే దూరం. రెండు కళ్ళలో ఏది ముందు మేలుకుందో దాన్నిబట్టి బల్ల ఇటు పోతోందా, అటు పోతోందా తెలుస్తుంది. లెక్కపెట్టే సర్క్యూట్ నా బుర్రలోంచి పుట్టింది. (లైబ్రరీలోని ఒక పత్రికలోంచి పుట్టింది. ఆ పేజీ చింపుకొచ్చాను. తర్వాత చదవబోయినవాళ్ళు క్షమించాలి.) ఎన్‌కోడర్‌ను అసలు బల్లకు బిగించాలి. అది కష్టం. బల్లను నడిపే మరకు, అంటే చక్రం తిప్పితే తిరిగే పొడవాటి స్క్రూకు, ఆ చక్రం చివర బిగించడం తేలిక. తేలికైన చోటే బిగించాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఆ రెండు కళ్ళ వైర్లు తారుమారయ్యాయి. మావయ్య చక్రం తిప్పుతూ అంకెల వైపు మెడ చాచాడు. “ఏరా, బల్ల నేరేడ్‌మెట్ పోతుంటే నీ సోదె డబ్బా బేగంపేట పోతుందేంట్రా?” వైర్లు మార్చాను. పక్కన గ్రైండర్ వేసినప్పుడల్లా అంకెలు మద్రాసు దాకా పోయేవి. దానికీ ఏదో అడ్డం కట్టాను. ఆ తర్వాత డబ్బా కుదురుకుంది. మావయ్య సున్నా చేసుకోవడం, తిప్పడం, ఎర్ర అంకె చూడటం, రంధ్రం వేయడం. రెండు నెలల్లో ఒక్క పలక తిరిగి రాలేదు. ఆయన పని మధ్యలో కీర్తన పాడటం మళ్ళీ మొదలుపెట్టాడు. నేను షెడ్డులో ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి.

ఒకరోజు యజమాని బయటివాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. “మేస్త్రీ, మీ అల్లుడు కమాల్ చేసిండు,” అని మావయ్యతో అని, నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. గీ డబ్బా ఉంటే పనెట్ల అయితది?”

అక్కడ ఊరుకోవచ్చు. నా జీవితంలో ఊరుకోవాల్సిన సందర్భాలు చాలా వచ్చాయి, అందులో ఇది మొదటిది. “చాలా తేలిక సార్. అంకె వచ్చేదాకా తిప్పడమే. అనుభవంతో పనిలేదు. కళ్ళున్నవాడైతే చాలు,” అన్నాను.

మావయ్య దారపు పీచుతో బల్ల మీది చమురు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

నెలాఖరున యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ఇరవై ఏండ్ల సంది నిలబడ్డరు మేస్త్రీ, ఇగ జెర ఆరాం చెయ్యుండ్రి. మీ అల్లుడున్నడు గదా,” అన్నాడు. ఆయన మంచివాడే, మావయ్యకు చూపు లేదని చివరిదాకా తెలియదు. అంటే మావయ్య ఉద్యోగం కళ్ళ వల్ల పోలేదు. నా నోటి వల్ల పోయింది. మావయ్య తన టిఫిన్ క్యారియర్ తీసుకుని, వెళ్తూ డబ్బాను ఒకసారి తట్టి, “బాగా చూసుకోరా,” అన్నాడు. డబ్బానా, మెషిన్‌నా, అడగలేదు.

మర్నాడు మెషిన్ ముందు నేను నిలబడ్డాను. మావయ్య ఆరు రంధ్రాలూ ఎప్పుడూ ఒకే వైపు నడుస్తూ వేసేవాడు. నేను తెలివైనవాణ్ణి కదా, టైము కలిసొస్తుందని ముందుకు పోతూ మూడు, వెనక్కి వస్తూ మూడు వేశాను. అంకెలన్నీ అక్షరాలా సరిపోయాయి. పలకలన్నీ తిరిగొచ్చాయి. వెనక్కి వస్తూ వేసిన ప్రతి రంధ్రం అర మిల్లీమీటరు పక్కకుంది.

“ఏందిది? ముసలాయన చేసినప్పుడు రానిది నువ్వు చేస్తే ఎట్లొచ్చింది?” అని యజమాని పలక నా ముందు పడేశాడు. ఆ పలక పట్టుకుని యాప్రాల్ పోయాను.

అత్తయ్య తలుపు తీసి, “రా నాయనా, ఇంజనీరు గారూ! ఇంకేం మిగిలిందని వచ్చావు? ఆయన పళ్ళు గట్టిగానే ఉన్నాయి, అవి పీకడానికా?” అంది. లోపల మావయ్య మంచం మీద కూచుని ఉన్నాడు. నేను చెప్పింది విని, చేతిని గాల్లోనే చక్రం మీద పెట్టినట్టు పెట్టాడు.

“మర అరిగిందిరా. వెనక్కి తిప్పితే మొదట కాస్త దూరం ఊరికే తిరుగుతుంది, బల్ల కదలదు. నీ డబ్బా మరను చూస్తుంది గాని బల్లను చూడదుగా, అదీ లెక్కేసుకుంటుంది. అందుకే ఎప్పుడూ కాస్త ఎక్కువ వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు రావాలి. ఒక వైపు నుంచే రావాలి.”

“ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే.”

“మరి చెప్పలేదేం మావయ్యా?”

“నీ మొహం చూశా. అది మాత్రం బాగా కనబడిందిరా,” అన్నాడు.

ఆ తర్వాత నేను నేరుగా షెడ్డుకు పోయి, యజమాని ఎదుట నిలబడి, ‘సార్, ఆ డబ్బా పనిచేసింది మావయ్య చెయ్యి ఉన్నందుకే, ఆయన్ను పిలవండి’ అని గట్టిగా వాదించాను. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఒకసారి రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా ఇలాగే చెప్పాను. ఇప్పుడు వయసైపోయింది కనుక ఉన్నది చెబుతాను. నేను అన్నది నాలుగు మాటలు: “మర అరిగిపోయింది, మార్చాలి సార్.” ఆయన మర మార్పించాడు. డబ్బా నిజంగానే సరిగ్గా చూపించడం మొదలుపెట్టింది. నేను అక్కడ ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను. మావయ్యను ఎవరూ పిలవలేదు.

కళ్ళకు ఆపరేషన్ ఆ ఎండాకాలమే అయింది. ఇక సెలవు అడగాల్సిన పని లేదు కదా. సీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకుని ఒక రోజు షెడ్డుకు వచ్చాడు. మెషిన్ వైపు కాదు, ముందు డబ్బా వైపు నడిచాడు. చాలాసేపు చూశాడు. “ఇంత చిన్నవా అంకెలు! మసక కళ్ళకు ఎంతెంత ఉండేవిరా, ఎర్రగా, పూలు విచ్చుకున్నట్టు,” అన్నాడు. తర్వాత చక్రాన్ని పట్టుకుని కాస్త వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తెచ్చి వదిలేశాడు. కొత్త మరకు అది అవసరం లేదు. ఆ మాట నేను చెప్పలేదు. ఊరుకోవాల్సిన చోట ఊరుకున్నది బహుశా అదొక్కసారే. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది.

షెడ్డు మూసేసినప్పుడు డబ్బా అడిగి తెచ్చుకున్నాను. అలమారలో ఉంది; అంకెల్లో రెండు వెలగవు. మనవలు అడిగితే ఉపగ్రహాల పనిలో వాడింది అంటాను, నమ్మరు. మొన్న డాక్టరు నా కళ్ళల్లోనూ పొరలున్నాయన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పోయిన ఆదివారం చర్చిలో నా పక్కన నిలబడ్డ అమ్మాయి, నేను గొంతెత్తి పాడుతుండగా, నా చేతిలోని పుస్తకాన్ని మెల్లగా తీసుకుని, తిరగేసి, మళ్ళీ నా చేతిలో పెట్టింది. “కావాలనే అట్లా పట్టుకున్నానమ్మా, ఎవరైనా గమనిస్తారేమోనని,” అన్నాను.

(కాదు.)