‘తను’ అని రాసిన అమ్మాయి

గల్ఫ్‌లోని జహ్రా ఊళ్ళో, నేను పనికి కుదిరిన ఇంటి పక్కింట్లో పనిచేసే కడపమ్మాయికి కొరియా పాటలంటే ప్రాణం. అక్కడి గాయకుల ఇంటర్వ్యూలను, కింద వచ్చే ఇంగ్లీషు చదివి, మా వాట్సాప్ గ్రూపులో తెలుగులో పెట్టేది. ఒక్కో మాట దగ్గర ఆగి ఆలోచించేది.

ఒకసారి, ఆడా మగా కాదని చెప్పుకున్న ఒక పాటల తార గురించి రాస్తూ అంతటా ‘తను’ అంది. గ్రూపు నడిపే ఆయన ఆ మెసేజ్ తీసేసి, ‘తను’ బదులు ‘అది’ అని మార్చి మళ్ళీ పెట్టాడు. అందరూ నవ్వారు.

ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది.

“ఇక్కడ మనల్నే పేరు పెట్టి పిలిచేటోళ్ళు లేరు. మనమే ఇంగో మనిషిని అది అంటే ఎట్లన్నా?”

వెంటనే ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

శుక్రవారం గేటు దగ్గర నన్ను ఆపింది.

“నువ్వు గూడా నవ్వు బొమ్మ పెట్టినావు గదక్కా?”

గ్రూపు నడిపే ఆయన మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నన్ను నేను తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.