బంగారయ్య గోడమీది అట్టముక్కలు

బంగారయ్య చేతబడి చేస్తాడన్న మాట గల్ఫు దేశపు ఫర్వానియాలో వాళ్లుండే బిల్డింగు మూడంతస్తులూ ఎక్కి దిగింది. అది పచ్చి అబద్ధం. పుట్టించింది మున్నీ బీ. అక్కడ పాతికమందికి వండిపెట్టే రాయచోటి మనిషి ఆమె. క్యారేజీ ఇవ్వబోయి, అతని మంచం పక్కన గోడకు అంటించిన అట్టముక్కలు చూసింది. వాటి మీద రాత తెలుగు కాదు, అరబీ కాదు. "తాయెత్తులో పెట్టే తావీజు రాతల్లా ఉండాయే" అని మెట్ల మీద ఎవరితోనో అన్నది. అంతే.

ఆ వారమే పక్క మంచం అబ్దుల్ బాసిత్‌కు జ్వరం తగిలింది. మూడు రోజులైనా దిగలేదు. ఇక ఆ మాటకు కాళ్లొచ్చాయి. గురువారం బాసిత్ బావమరిది జమీర్ వంటింటికొచ్చాడు.

"పెద్దమ్మా, ఆ అట్టలు ఫొటో తీసినా. సాయంత్రం వానికి వీసా ఇచ్చిన కఫీల్‌కు చూపిస్తా. ఈడ ఉండే పర్మిట్టు, ఇఖామా, కొట్టేసి ఊరికి పంపిస్తాడు. ఖలాస్!"

"నేనేదో నోరు జారితి లేరా. నీకు రూఢిగా తెలుసునా?"

"చూసింది నువ్వే గదా!"

మున్నీ బీ చేతిలో గరిటె ఆగిపోయింది. పప్పు అడుగంటుతున్నా వాసన తెలియలేదు. కోనసీమ నుంచి వచ్చి పదకొండేళ్లుగా సులైబియా గోదాములో పెట్టెలు మోస్తున్న మనిషి, ఎవరి జోలికీ పోనివాడు, తన నోటి మూలాన కూడు పోగొట్టుకుంటాడా? పొయ్యి ఆపి మెట్లెక్కింది. ఒకవేళ నిజంగానే చేతబడైతే? పెదవుల్లోనే దువా చదువుకుంది. వద్దన్నా జమీర్ వెంటే వచ్చాడు.

బాసిత్ దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. బంగారయ్య గోడకేసి తిరిగి కూర్చుని, కళ్లు మూసుకుని గొణుగుతున్నాడు: "లూవో, లూసో, ఎలూసా, లెలుకా..."

"ఏమయ్యా, ఎవురి మీద చదువుతుండావు?"

బంగారయ్య ఉలిక్కిపడి లేచాడు. "మీదేటక్కా! గ్రీకండి ఇదీ, ఆ అట్టల మీదదీ. సువార్త మొదట రాసిన బాస. మా అమలాపురం పాస్టరు గారు ఫోన్లో నేర్పుతున్నారు. లూవో అంటే విప్పుతున్నాను. లూసో, విప్పుతాను. ఎలూసా, విప్పాను. లెలుకా అంటే విప్పడం అయిపోయిందని. సువార్తలో చెప్పుల పట్టీ విప్పినా, గాడిదపిల్ల పగ్గం విప్పినా ఇదే మాటండి."

జమీర్ వీడియో తీస్తున్న ఫోను దించలేదు. మున్నీ బీ ఒక అడుగు ముందుకేసింది.

"సూటిగా అడుగుతుండా బంగారయ్యా. ఇది మంత్రమా, కాదా?"

"మంత్రమైతే ఈపాటికి పారాలి కదక్కా! రేపు పాస్టరు గారికి ఈ మాటకున్న ఆరు రూపాలూ అప్పజెప్పాలి. నాలుగు దాటితే నాకు నోరు తిరగట్లేదండి. నేనాగిపోయినప్పుడల్లా, పక్క మంచం మీంచి వినీ వినీ, ఐదోది అందిస్తున్నది జ్వరంలో ఉన్న బాసిత్ భాయేనండి."