ఎద్దుల పేర్లున్న పుస్తకం

యాభై దాటాకే అక్షరాలు నేర్చాను కాబట్టి ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

తెలంగాణ కోసం రైళ్లు ఆపిన రోజు మహబూబాబాద్ స్టేషన్లో ఆగిపోయాను. పక్కన కూర్చున్న ముసలాయన మా లంబాడీ తండాలు తిరుగుతూ వంశాల పేర్లు రాసిపెట్టే మనిషి. ఇక్కడికి రైలు రాకముందు ఎద్దుల మీద ఉప్పు తెచ్చి అమ్మిన మా ముత్తాత పేరు చెప్పాను. ఆయన పాత పుస్తకం తిప్పాడు.

"గిదిగో, మీ ముత్తాత. ముందు నడిచిన ఎద్దులు హీరా, మోతీ."

"ఆయన భార్య?"

"ఆడోళ్లను రాయలే బిడ్డా. ఎద్దులు లేకుంటే ఉప్పు రాదు గద!" అని నవ్వాడు.

"ఆమె లేకుంటే నేనొస్తనా తాతా?"

ఆయన నవ్వు ఆగింది. కలం తీసి, ముత్తాత పేరు పక్కన ఖాళీలో ఆనించాడు.

"పేరు చెప్పు, రాస్త."

నాకు తెలియదు. రైలు కదిలేదాకా ఆ కలం అక్కడే ఉంది. ఇప్పటికీ కళ్లు మూస్తే అక్కడే ఉంటుంది.

తెల్లారి గంగారంలో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఎవలకెరుక బిడ్డా? అవ్వా అనే పిలిచినం," అంది.

లేవబోయి, మళ్లీ కూర్చున్నాను.

"అత్తా, నీ పేరేంది?" అని అడిగాను.