వీడియో గేమ్‌కి తీసిన దిష్టి

తొంభైల్లో ఒక వేసవి సెలవులకి సూర్యాపేట నుంచి మిర్యాలగూడలోని పెద్దమ్మ ఇంటికి వెళ్లేసరికి, అక్కడ టీవీకి వీడియో గేమ్ తగిలించి ఉంది. మార్కెట్లోకి అప్పుడే కొత్తగా వచ్చిందని పెదనాన్న హైదరాబాదు నుంచి తెచ్చాడట. బూడిదరంగు పెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు. మీట నొక్కితే చాలు, టీవీలో బొమ్మ ఎగిరి దూకుతోంది! నాకు కడుపు మండిపోయింది. మా ఇంట్లో టీవీ ఏం చూపిస్తే అదే చూడాలి. ఇక్కడ టీవీయే వీళ్లు చెప్పినట్టు ఆడుతోంది.

రెండో రిమోట్ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అడిగితే పెద్దమ్మ కొడుకు తల తిప్పకుండానే, "నువ్వు ఖరాబు చేస్తవ్. గాడ కూసొని సూడు" అనేవాడు.

చూశాను. పళ్లు కొరుకుతూ, రెప్ప వేయకుండా చూశాను.

ఒక మధ్యాహ్నం తెర నిండా గీతలొచ్చి బొమ్మ ఆగిపోయింది. మెకానిక్ కంటే ముందు పెద్దమ్మ వచ్చింది. గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని ఆ పెట్టె చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ల పొయ్యిలో పడేసింది. దిష్టి లేకపోతే ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గాలి. ఒక్కరూ దగ్గలేదు.

"జర గూడ ఘాటు రాలే. ఎవరి కన్నో గట్టిగనే పడ్డది," అంటూ పెద్దమ్మ అందరి మొహాలూ చూసింది.

నేను తల దించుకోలేదు. వాడు వేలు కూడా పెట్టనివ్వని ఆటను నేను కంటితోనే ఆపేశాను.