హాఫ్ టైం తర్వాత పదిమందిమి

మా బొగ్గుబాయిల ఊళ్ళో ఫుట్‌బాల్ వచ్చినవాడు ఒక్కడే. మిగతావాళ్ళం వాడితో పాటు పరుగెత్తేవాళ్ళం. నేను గోల్‌కీపర్‌ని కాబట్టి నాకు ఆ కష్టం కూడా లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వాడు రచ్చ గెలిచి, తాగి, ఇంటికి పోయేవాడు. తాగితే నోరు మంచిది కాదు. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. పెళ్ళాం పాపను చంకనేసుకుని పెనుబల్లిలో పుట్టింటికి పోయింది. మంచి పని చేసిందని మా అమ్మ వాడి ముందే అంది. వాడు కాదనలేదు. ఆ రోజు నుంచి పొద్దస్తమానం ఆమెకు ఫోన్ చేస్తూనే ఉండేవాడు. ఆమె ఎత్తేది కాదు.

అప్పుడే హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసు జట్టువాళ్ళు ఆటగాళ్ళను ఏరుకోవడానికి వస్తున్నారని తెలిసింది. నచ్చితే జట్టులో చోటు, దాంతోపాటు పర్మినెంటు ఉద్యోగం. ఆ ఉద్యోగం చూసైనా ఆమె తిరిగొస్తుందని వాడి ఆశ. వారం ముందే వాణ్ణి మా ఇంట్లో పెట్టుకున్నాం. మా అమ్మ కాపలా. వైన్ షాపు వైపు చూస్తే చీపురు తీసేది. వాడు బుద్ధిగా పప్పన్నం తిని పడుకునేవాడు.

వాళ్ళు వచ్చిన రోజు మ్యాచ్‌లో మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టాడు. రెండోదానికి హైదరాబాదు వాళ్ళ పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హాఫ్ టైంలో అందరం నిమ్మకాయ నీళ్ళు తాగుతుంటే వాడు సంచిలోంచి ఫోన్ తీశాడు. పెనుబల్లి నుంచి మిస్డ్ కాల్. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. "ఇప్పుడే వస్త," అని నాతో చెప్పి, బూట్లయినా విప్పకుండా రోడ్డుమీదికి పోయి, పెనుబల్లి మీదుగా పోయే సత్తుపల్లి బస్సెక్కాడు.

ముందు స్టాపులో దిగి వస్తాడనుకున్నాను. పెద్దసారు ఏడో నంబరు చొక్కావాడు ఎక్కడని అడిగాడు. బాత్రూంకు పోయాడని చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు, నాకు అంతకంటే అతికేది దొరకలేదు. వస్తాడు కదా అని వాడి బదులు ఎవరినీ దింపలేదు. పదిమందిమే ఆడి ఐదు గోల్స్ తిన్నాం. ఐదూ నా చేతుల మీదుగానే జరిగాయి. మీవాణ్ణి ఓసారి దవాఖానాలో చూపించమని చెప్పి వాళ్ళు జీపెక్కారు.

మర్నాడు వచ్చాడు, అవే బూట్లతో. ఫోన్ చేసింది ఆమె కాదట. రెండేళ్ళ పాప ఫోన్‌తో ఆడుకుంటూ ఏదో ఒత్తిందట. ఆమె వాకిట్లోంచే పంపించేసింది. నాకు వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. చంటిపిల్ల వేలు తగిలిందని బతుకు పోగొట్టుకుంటావా అని నిలదీశాను.

వాడు కూర్చుని లేసులు విప్పుకున్నాడు. "ఆ ఫోన్ల అందరి నంబర్లున్నయి. పిల్ల నాదే ఒత్తింది. పోకుంటే ఎట్లరా?"

రోజంతా వాడే చేస్తూ ఉంటే ఆ ఫోన్‌లో అన్నిటికంటే పైన ఉండేది వాడి నంబరే. పాప ఎక్కడ వేలు పెట్టినా అదే తగులుతుంది. ఆ ముక్క నా నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

తర్వాత మళ్ళీ తాగాడు. ఆమె రాలేదు. ఇప్పుడు బొగ్గు లారీల మీద టార్పాలిన్ కప్పే పని చేస్తున్నాడు. పాప పదో తరగతి, వాడితో మాట్లాడదు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆ మ్యాచ్ సంగతి ఎత్తితే వాడు మాత్రం సిగ్గుపడడు.

"నా బిడ్డ పిలిస్తే పోయిన," అంటాడు. నిజమా కాదా అన్నట్టు అందరూ నా వైపు చూస్తారు.

"అవ్," అంటాను.