సోల మీద పిడికెడు

ఈ కబురు నాకు ముందుగా తెచ్చింది మా చిన్నన్న మనవరాలు. నేను ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి చెప్పులు విడుస్తుండగానే ఫోన్ చేసింది. తాతయ్య రాసిన పరిశోధన గ్రంథాన్ని యూనివర్సిటీవాళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కించారట. ఇక ఎవరైనా, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చట. "మెదక్‌ల మన ఇల్లు, మన వరండా అన్నీ ఉన్నయి నానమ్మా, చదివి వినిపించాల్నా?" అని అడిగింది. వద్దు తల్లీ, ఆ వరండాలో ఏం జరిగిందో నాకు పుస్తకం చూడకుండానే తెలుసు అన్నాను. అన్నానే గాని, ఫోన్ పెట్టేసరికి ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది. ఎన్నో ఏళ్ళ కిందటి సోమవారం ఒకటి మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడినట్టయింది.

నేను బడికి పోయినదాన్ని కాను. ఎనిమిదో ఏట కీళ్ళవాతం వచ్చి రెండేళ్ళు మంచం మీదే ఉన్నాను. మా నాన్న బడిపంతులు. "బిడ్డ బడికి పోకుంటె బడే ఇంటికొస్తది తియ్" అని సాయంత్రాలు తానే కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన పెట్టిన ఆ నాలుగక్షరాల భిక్షకు ఇవాళ్టికీ పొద్దున లేచి దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. మా చిన్నన్న మాత్రం హైదరాబాద్ వెళ్ళి రసాయనశాస్త్రం చదివి, అక్కడే పరిశోధనలో చేరాడు. కానుగ నూనెతో చవకైన సబ్బుపొడి చేయడం ఆయన పని. సెలవులకు వచ్చినప్పుడు పెరట్లో పాత కాగు పెట్టి, నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి కలిపేవాడు. ఆ వాసనకు పక్కింటి మేక కూడా మా గోడ దరిదాపులకు వచ్చేది కాదు. ఆరిన ముద్దను తురిమి పొడి చేస్తుంటే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. కాని మురికి వదిలించడంలో దానికి సాటి లేదు.

ఆ పొడి సంగతి తెలిసి, ఆర్థికశాస్త్రం చెప్పే సారు ఒకాయన మా అన్నను తన పనిలోకి లాక్కున్నాడు. గాజుగొట్టంలో ద్రావకాలను పరీక్షించినట్టే మనుషుల ఇష్టాలనూ పరీక్షించి చూడవచ్చునని ఆయన నమ్మకం. అప్పట్లో అది విని నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆయన అడిగే ప్రశ్న చిన్నదే: ఇవాళ వచ్చేదాన్ని వదులుకుని వారం ఆగాలంటే మనిషికి ఎంత ఎక్కువ ఇవ్వాలి? బ్యాంకులో వడ్డీ అనేది కూడా ఇదేనట. ఆ వేసవి ముగిసేలోగా ఫలితం చూపకపోతే తన కింద ఇచ్చిన పరిశోధన సీటు ఇంకొకరికి పోతుందని ఆయన ముందే చెప్పేశాడు. సీటు పోతే మా అన్న చదువు అక్కడితో ఆగిపోయినట్టే. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు, రాత్రి కుండలో అన్నం మాత్రం మిగిలిపోయేది.

పరీక్ష మా ఇంట్లోనే జరిగింది. శనివారం మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్ళు నలభైమంది వచ్చేవారు. ముందుగదిలో మా అన్న రిజిస్టరు పెట్టుకుని ఒక్కొక్కరినే పిలిచి అడిగేవాడు. ఇవాళే తీసుకుంటే సోలెడు పొడి. వచ్చే శనివారం దాకా ఆగితే సోలెడూ, పైన సోలలో పావూ. ఆగుతామన్నవాళ్ళ పొట్లాలు ఆయనే త్రాసులో తూచి కట్టి పెట్టేవాడు. ఇవాళే కావాలన్నవాళ్ళను వెనక వరండాలో నా దగ్గరికి పంపేవాడు. డబ్బాలోంచి సోల నింపి, పైన పుల్ల జరిపి సమం చేసి, వాళ్ళు పట్టుకొచ్చిన గిన్నెలో పోయడం నా వంతు. అన్న నమ్మి నాకు ఒక పని చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజు మోకాళ్ళ నొప్పి కూడా గుర్తు రాలేదు.

సోల నింపాను, పుల్ల జరిపాను, పోశాను. ఎదురుగా కొంగు పట్టుకుని నిలబడిన మనిషి ముఖం చూశాక చెయ్యి ఊరుకోలేదు. మా అమ్మ బియ్యం బదులిచ్చినా, ఉప్పు పెట్టినా, కొలిచాక ఒక పిడికెడు పైన వేయనిదే గిన్నె వదిలేది కాదు. కొలిచినంతే ఇచ్చి పంపడం మా ఇళ్ళల్లో మనిషిని గుమ్మంలోంచే వెళ్ళగొట్టడంతో సమానం. కొసరు వేశాను. చంటిపిల్లల తల్లికి ఇంకొంచెం వేశాను. అది తప్పని నాకు తోచనే లేదు. ఇచ్చే చెయ్యి నిండుగా ఇయ్యాలని చిన్నప్పటి నుంచీ గుడిలో విన్నదాన్ని.

మొదటి శనివారం సగంమంది ఆగుతామన్నారు. అన్న పొంగిపోయాడు. రెండో వారం ఎనిమిదిమంది. మూడో శనివారం ఒకే ఒక్కరు. మండే ఎండలో ఆయన ముఖం మాత్రం తెల్లగా పాలిపోయింది. పైగా డబ్బా అనుకున్నదానికంటే ముందే అడుగంటింది. కొలత తప్పే ప్రసక్తి లేదు గనుక పొడే తగ్గి ఉండాలని ఆయన తేల్చుకున్నాడు. ఎండకు తేమ పోయి తరుగు వచ్చిందని, చిటికెడు పొడి వేయించి తూచి రెండు పేజీల లెక్క రాశాడు. నేను పక్కనే నిలబడి, ఎంత చదువుకున్నాడు మా అన్న అని మనసులో మురిసిపోయాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మూడు వారాలూ ఆగిన ఒక్క మనిషి మా వాడలో గంప నెత్తిన పెట్టుకుని జొన్న పేలాలు అమ్మే ఆవిడ. అందరం పేలాలక్క అనేవాళ్ళం. ఆ రోజు అందరూ వెళ్ళాక ఆమె వరండా మెట్టు మీద కూర్చుని నా సోలను చేతిలోకి తీసుకుంది.

"ఏం చెల్లే, ఇందాక మేస్త్రి పెండ్లానికి పోస్తివి, గది సోలనా సోలన్నరనా?"

"సోలనే అక్కా."

"మరి మీదికెళ్ళి ఏసిన పిడికెడు?"

"గది కొసరు."

"కొసరు నీకు! గా లోపల రాసుకునే మీ అన్నకు గది కొలతనే." ఆమె నవ్వలేదు. "నేను ప్యాలాలు అమ్మేదాన్ని బిడ్డా. కొసరు ఎంత పోతదో ముందుగాల్నే చూసుకుంట. గది లెక్కల లేదనుకుంటె ఎప్పుడో గంప బోర్లేసి కూసుందును. ఇయ్యాల తీసుకుంటె నువ్వు కుప్పగ పోస్తివి. వారం ఆగినోళ్ళకు మీ అన్న బంగారం తూచినట్టు తూచి ఇచ్చిండు. రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టుకుని వాడంత చూసిన్రు. ఇగ ఎవలు ఆగుతరు?"

సోలను ఆమె చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టేశాను. మరి నువ్వెందుకు ఆగావు అక్కా అని అడిగాను.

"గా పిల్లగాని మొఖం చూసి. ఒక్కళ్ళన్న ఆగకపోతె ఏడ్చేటట్టుండె." లేచి గంప ఎత్తుకుంటూ అంది: "సోమారం సారొస్తుండట గద? పొద్దుగాల నేను గీడికే వస్త. నువ్వు చెప్పకుంటె నేను చెప్తనని కాదు చెల్లే. నువ్వు చెప్తుంటె పక్కకు ఉంటనని."

ఆ సాయంత్రమే అన్నకు చెప్పి ఉండవలసింది. ఆయన తరుగు లెక్క మూడోసారి సరిచూసుకుంటున్నాడు. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆదివారం గుడిలో అందరితో పాటు మోకరించాను గాని నోట ఒక్క మాట రాలేదు. తప్పు ఒప్పుకునే ధైర్యం ఇయ్యమని అడగాలి. అడిగితే ఇచ్చేస్తాడేమోనని భయం.

సోమవారం మొదటి బస్సుకు సారు దిగాడు. కృష్ణా జిల్లా మనిషి, తెల్లని పంచె, మెత్తని మాట. ముందుగదిలో కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. అన్న ఎదురుగా నిలబడే ఉన్నాడు. నేను చాయ్ పళ్ళెంతో తలుపు వెనక ఉన్నాను. చీవాట్లు తప్పవనుకున్నాం. ఆయన కళ్ళద్దాలు తీసి చిరునవ్వు నవ్వాడు.

"భేషుగ్గా ఉందండీ! ఆగితే ఎక్కువ వస్తుందని తెలిసి కూడా వారం వారం తగ్గిపోయారు చూశారా? ఇక్కడి ఆడవాళ్ళకు రేపు అనేది లెక్కలోనే లేదని రాసేద్దాం. ఇది అచ్చుకు పనికొస్తుంది. మీ సీటుకు ఇక ఢోకా లేదు."

అన్న ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. నోరు మూసుకుంటే చాలు, మా అన్న గట్టెక్కుతాడు. నోరు మూసుకుంటే, పొద్దంతా కూలి చేసి పిల్లలకు దాచిపెట్టి తాము పస్తుండే ఆ తల్లులందరికీ రేపు తెలియదన్న మాట అచ్చులో ఎక్కుతుంది. అప్పటిదాకా పరాయి మగవాళ్ళ ముందు పెదవి విప్పినదాన్ని కాను. పళ్ళెం బల్ల మీద పెట్టి, "తప్పు వాళ్ళది కాదు సారూ, నా చేతిది" అన్నాను. కొసరు సంగతి మొత్తం చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తు లేదు. అన్న మెల్లగా కుర్చీలో కూలబడడం మాత్రం గుర్తుంది.

"ఎంత ఎక్కువ పోశావమ్మా?" అన్నాడు సారు.

"చేతికొచ్చినంత."

త్రాసు తెప్పించాడు. ఆ రోజుల్లో పోసినట్టే పదిసార్లు పొయ్యమన్నాడు. పోశాను. ఏ రెండూ ఒక్క తూకం రాలేదు. ఏ తల్లి ముఖం తలుచుకుంటే ఆ తూకం. లెక్కతో సరిదిద్దే వీలే లేదని ఆయన రిజిస్టరు మూసేశాడు. ఆగిన ఆ ఒక్క మనిషి మాటైనా నిలుస్తుందేమోనని అన్న ఆశగా అడిగాడు. అప్పటికే గడప అవతల గంప దించుకుని కూర్చున్న పేలాలక్క, "నాది గూడ కొట్టేయుండ్రి. నేను మీ మీద జాలితోని ఆగిన" అంది. సారు చాయ్ మీద మీగడ కట్టింది. పేలాలక్కే మళ్ళీ అందుకుంది.

"ఒక్క మాట సారూ, జర ఇనుండ్రి. మీరు పుల్లతోని గీకి పొయ్యమన్నరు. ఇయ్యాల కండ్ల ముంగటనే గీకి పోసేటోడు, వారమాగితె ఎక్కువిస్తనంటె ఎవలు నమ్ముతరు? మా తాన రేపు లేక కాదు. రేపు ఇస్తనన్నోడు ఇయ్యాల ఎట్లిస్తుండో చూస్తం. గంతే."

సారు కలం మూత తీసి, రిజిస్టరు చివరి పేజీలో ఏదో రాసుకున్నాడు. "వానలు పడేదాకా గడువిస్తున్నానండీ. మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచాడు.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాగు కడగడానికి నన్నే పిలిచాడు. అందుకు దేవునికి నేను చెప్పుకున్న స్తోత్రాలకు లెక్క లేదు. రెండో విడతలో పొట్లం పొట్లానికీ, ఇవాళ్టిదానికీ వచ్చే వారం దానికీ, ఒకే తూకం కొసరు కలిపి ఇచ్చాడు. కొసరును కూడా త్రాసులో తూచిన మనిషి మా జిల్లాలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు. ఈసారి సగానికి పైగా ఆగారు, చివరి వారం దాకా ఆగారు. సీటు నిలిచింది, గ్రంథం పూర్తయింది. అందులో నమ్మకం గురించిన అధ్యాయమే అందరూ మెచ్చుకున్నారని అన్న చెప్పేవాడు.

మనవరాలు రాత్రి మళ్ళీ ఫోన్ చేసి, వద్దన్నా ఆ అధ్యాయం చదివి వినిపించింది. పేలాలక్క అన్న మాటలే, పుస్తకాల భాషలో. ఎవరన్నారో మాత్రం లేదు. "స్థానిక వ్యాపారి ఒకరు" అని ఉంది. ఆమె అసలు పేరు నేనూ ఏనాడూ అడగలేదు. అన్న లేడు, సారు లేడు, ఆమె పోయి కూడా ఎన్నేళ్ళయిందో సరిగా తెలియదు. వారం ఆగడమే కష్టమనుకున్న ఆ రోజుల మీదుగా ఇన్ని దశాబ్దాలు ఎప్పుడు వెళ్ళిపోయాయో నాకు తెలియనే లేదు. ఆ గ్రంథం ఎప్పుడైనా మీ కంటబడితే, ఆ వ్యాపారి ఎవరో కాదు, మా పేలాలక్క అని దయచేసి ఒక్కసారి తలుచుకోండి.