మా గీజరు పాడైందనుకున్న పూట

ఖతార్‌లో ఎండాకాలం వస్తే ఇంట్లో కుళాయిలు తిరగబడతాయి. నీళ్ల ట్యాంకు మేడ మీద ఎండలో మరుగుతూ ఉంటుంది కాబట్టి, చన్నీళ్లు రావలసిన నీలం కుళాయిలోంచి పొగలు కక్కే నీళ్లు వస్తాయి. గీజరేమో బాత్‌రూమ్ పైకప్పు పలకల వెనక, ఏసీ చల్లదనంలో ఉంటుంది. దాని స్విచ్ ఆపేస్తే లోపలి నీళ్లు చల్లబడి, ఎర్ర కుళాయిలోంచి హాయిగా వస్తాయి. వేడికి నీలం, చల్లదనానికి ఎరుపు. ఇక్కడ కాపురం పెట్టిన ఎవరికైనా ఇది మొదటి వేసవిలోనే అలవాటైపోతుంది.

నా కాన్పు కోసం అమ్మ తణుకు నుంచి ఆగస్టులో వచ్చింది. అల్ వుకైర్‌లో మా ఫ్లాట్‌కి రాగానే కాళ్లు కడుక్కుందామని నీలం కుళాయి తిప్పి, "అమ్మో!" అని కేక పెట్టింది. మా ఆయన సంగతంతా వివరించాడు. "ఇదేం దేశమయ్యా బాబూ, చన్నీళ్లు కాలతాయి, వేన్నీళ్లు చల్లగా ఉంటాయి!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. మర్నాడు పొద్దున్న తన స్టిక్కర్ల అట్టలోంచి ఒక ఎర్ర బొట్టు తీసి నీలం కుళాయి పిడికి అంటించింది. "ఇది వేడి. ఇంక మర్చిపోను" అంది. మేమిద్దరం ఒకటే నవ్వు. ఆ బొట్టు తడికి ఊడినప్పుడల్లా కొత్తది అంటించేది. పోనుపోను మేం కూడా కుళాయి రంగు చూడటం మానేసి బొట్టునే చూసుకునేవాళ్లం.

పాప పుట్టాక ఆ బాత్‌రూమ్ పూర్తిగా అమ్మ రాజ్యమైంది. రోజూ పొద్దున్నే పాపకి నూనె పట్టించి, నలిచి, పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. నలుగు పెట్టేది. ముక్కు సాపు చేసేది, తల గుండ్రంగా ఒత్తేది. స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ. దానికోసం అల్ వక్రా సూక్ బజారులో ఇక్కడివాళ్లు ఊదు వేసుకునే ధూపపాత్ర ఒకటి కొనిపించింది. అదంతా నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని, అంతే. నాకు భయం. నూనె రాసిన పసిపిల్ల చేతిలో చేపలా జారిపోతుంది. ముక్కులోకి నీళ్లు పోతే? మెడ వాలిపోతే? "ఒక్కసారి కూర్చోవే, వాళ్లమ్మవి నువ్వు" అని అమ్మ అంటే, "రేపు చేస్తాలే" అనేదాన్ని. మా ఆయన వీడియోలు చూసి నేర్చుకోమన్నాడు. "మీరు చూసి మీరే పొయ్యండి" అన్నాను.

అలా రేపు రేపు అంటూనే డిసెంబరు వచ్చింది, అమ్మ విజిటింగ్ వీసా అయిపోవచ్చింది, సాయంత్రం ఫ్లయిట్ ఉన్న రోజు కూడా వచ్చేసింది. ముందు రాత్రి నుంచే చలిగాలి మొదలైతే, ఆ వేసవి తర్వాత మొదటిసారి గీజరు స్విచ్ వేశాం. "ఇవాళ నువ్వే పొయ్యాలి. నేను వెళ్లాక పిల్లకి స్నానం లేకుండా పెంచుతావా?" అని అమ్మ ముందే గట్టిగా చెప్పేసింది. నాకు కాఫీ కూడా సహించలేదు. ఆవిడ ఉండగా నేర్చుకోకపోతే తర్వాత నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి తెలిసీ కాళ్లు ముందుకు పడటం లేదు.

అమ్మ పాపకి నూనె పట్టించడం మొదలుపెట్టింది. నేను బకెట్ పెట్టి బొట్టు కుళాయి తిప్పాను. ఐసు నీళ్లు. గీజరు స్విచ్ వేసే ఉంది, ఎర్ర లైటు వెలుగుతోంది. కాసేపు ఆగి చూశాను. అదే చల్లదనం.

"ఏవండీ, గీజరు పాడైంది!" అని అరిచాను. నిజం చెప్పొద్దూ, ఆ అరుపులో కొంచెం సంతోషం కూడా ఉంది.

మా ఆయన ఆఫీసులో ప్రాజెక్టు షెడ్యూళ్లు వేసే మనిషి. ఫోన్ పట్టుకుని, గీజరుకి వచ్చే రోగాలన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాడు. ముందు బ్రేకర్ చూశాడు, ట్రిప్ కాలేదు. నిచ్చెన ఎక్కి పైకప్పు పలక జరిపి, వేడి తగ్గించే పెంచే నాబ్ తిప్పాడు. రీసెట్ మీట నొక్కాడు. ఒక్కోటి చేసి పైనుంచి "వచ్చాయా?" అనడం, నేను కుళాయి కింద వేళ్లు పెట్టి "రాలేదు" అనడం. పైన బూజంతా నా నెత్తిన పడింది. "తెలియనప్పుడు దిగండి మహానుభావా!" అన్నాను. దిగి, బిల్డింగు మెయింటెనెన్స్‌కి ఫోన్ చేశాడు.

వచ్చినాయన జగిత్యాల వైపు మనిషి. ఇంతకుముందు ఏసీకి వచ్చినప్పుడే మాటలు కలిశాయి. కుళాయి కింద చెయ్యి పెట్టి, "అవునక్కా, సల్లగున్నయ్" అని నిచ్చెన ఎక్కాడు. టెస్టర్ పెట్టి కరెంటు వస్తోందన్నాడు. తర్వాత పక్కనున్న సేఫ్టీ వాల్వు కాస్త ఎత్తేసరికి వేడినీళ్లు చిమ్మాయి.

"అరె! అగ్గి లెక్క ఉన్నయ్ సార్! గీజర్ మంచిగనే ఉంది."

"మరి కుళాయిలోకి ఎందుకు రావట్లేదు?"

"పైపు జామైనట్టుంది. గోడల నుంచి పోయింది గద. టైల్స్ పగలగొట్టాలె."

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫ్లాటు అద్దెది. ఇంటి యజమాని గోడకి మేకు కొట్టినా ఊరుకోడు. ఇద్దరూ కలిసి పైపు ఎక్కడ మలుపు తిరిగిందో గోడ మీద తట్టి తట్టి వినడం మొదలుపెట్టారు. ఈలోగా అమ్మ, ఒళ్లంతా నూనె పట్టిన పాపని పాతచీర ముక్కలో చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పాప ఆకలికో చలికో గుక్కపట్టి ఏడుస్తోంది.

"పిల్ల ఒంటి మీద నూనె ఆరిపోతోంది, ఎంతసేపయ్యా మీ రిపేరూ..." అంటూ అమ్మ కుళాయి వైపు చూసింది. "ఒసేయ్! అది నేను బొట్టు పెట్టిన కుళాయి కదే. అది ఎండాకాలం వేడి! గీజరు నీళ్లు రెండో దాంట్లో కదా రావాలి?"

మెయింటెనెన్స్ ఆయనే చెయ్యి చాపి ఎర్ర కుళాయి తిప్పాడు. బాత్‌రూమ్ నిండా ఆవిరి.

"యా అల్లా! మా లేబర్ క్యాంపుల గూడ ఎండకాలమంత గిట్ల ఉల్టానే వాడుతం అక్కా. నేను గూడ గదే తిప్పి చూసిన" అని తల పట్టుకుని నవ్వాడు. మా ఆయన నిచ్చెన మెట్టు మీద కూలబడి నవ్వాడు. అమ్మకైతే నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. "నా బొట్టు మీ గోడ కూల్చేసేది కదా బాబూ!" అంది. మెయింటెనెన్స్ ఆయన టీ వద్దని, వేరే ఫ్లాట్లో డ్యూటీ ఉందని వెళ్లిపోయాడు. ఏసీ, గీజరు, ఏం పాడైనా ముందు రెండు కుళాయిలూ తిప్పి చూసి పిలవమని వెళ్తూ వెళ్తూ ఆటపట్టించాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. వేడినీళ్లు వచ్చేశాయి, సాకు పోయింది.

అమ్మ పాపని నా చేతుల్లో పెట్టింది. నేను పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. నీళ్లు కలిపి మోచేత్తో చూసుకున్నాను, మళ్లీ చూసుకున్నాను. "మెడ కింద చెయ్యి. ఆఁ. నుదుటి దగ్గర నీ చెయ్యి అడ్డం పెట్టి పొయ్యి, కళ్లలో పడవు" అని అమ్మ గుమ్మంలోంచి చెబుతోంది. మొదటి చెంబు పోస్తే పాప ఉలిక్కిపడింది, నేనూ ఉలిక్కిపడ్డాను. రెండో చెంబుకి ఏడుపు ఆపింది. వీపు మీద నీళ్లు జారుతుంటే కాళ్లు తన్నడం మానేసి నా పిక్కల మీద మెత్తగా ఒదిగిపోయింది. నాకు ఎంత గర్వమేసిందంటే, పాపతో గట్టిగా కబుర్లు కూడా మొదలుపెట్టేశాను. ఎప్పుడో అమ్మ మాట వినిపించడం ఆగిపోయింది. నేను గమనించనే లేదు.

నలుగు కడిగి, దిష్టి తీసి, "అమ్మా, తువ్వాలు!" అని పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచినా రాలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాపని నా చున్నీలోనే చుట్టుకుని, తడి కాళ్లతోనే హాల్లోకి వచ్చాను.

అమ్మ సోఫాలో నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, తల ఒక పక్కకి వాలి, ఒళ్లో పాప తువ్వాలు అలాగే ఉంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ పగటిపూట కన్ను మూయడం నేను చూడలేదు. పాప కదిలితే లేచేది, నేను కదిలితే లేచేది.

మా ఆయన "అత్తయ్యగారూ" అని లేపబోయాడు.

"లేపకండి. సాంబ్రాణి కూడా నేనే వేస్తాను" అన్నాను.